ఇల్లు కట్టే ముందు మట్టి పరీక్ష: గొయ్యి తవ్వడం నుంచి రిపోర్టు చదవడం దాకా

"మా స్థలంలో నేల గట్టిగానే ఉంది, గడ్డపార కూడా దిగడం లేదు. ఇంకా మట్టి పరీక్ష ఎందుకండీ?" ఇల్లు మొదలుపెట్టబోయేవాళ్లు తరచూ అడిగే మాట ఇది. ఏప్రిల్‌లో నల్లరేగడిలోనూ గడ్డపార దిగదు. ఆగస్టులో అదే నేల కాలి చెప్పును పట్టుకుని వదలదు. కాబట్టి ఈ నేల ఎంత బరువు మోస్తుంది అనే ముందు, తడిస్తే ఏమవుతుంది, ఎండితే ఏమవుతుంది అని అడగాలి. కింద చెప్పే పరీక్షల్లో చాలావరకు ఈ తడి, ఎండ ప్రశ్న కోసమే.

ఇది జీ ప్లస్ 2 దాకా సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు. అపార్ట్‌మెంట్లకు, సెల్లార్ తవ్వే భవనాలకు ఇది చాలదు. ఇంటి దగ్గర చేసుకునే పరీక్షలు మీ నేల ఏ రకమో తెలుసుకోవడానికి, ల్యాబువాళ్లను సరైన ప్రశ్నలు అడగడానికి పనికొస్తాయి. ఫుటింగ్ (పిల్లరు కింద వేసే కాంక్రీటు దిమ్మ) సైజు, కడ్డీల లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరే తేల్చాలి.

## 1. తవ్వే ముందు ఊళ్లో వాకబు చేయండి

ఒక పూట పని, పైసా ఖర్చు లేదు. అయినా దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. స్థలం పక్కన ఇరవై ముప్పై ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లను అడగండి.

- ఇక్కడ ఒకప్పుడు కుంటగానీ, వాగుగానీ, చెరువు శిఖంగానీ ఉండేదా?
- పాత బావిని పూడ్చారా? ఎక్కడ?
- ఇటుక బట్టీకో, రోడ్డుకో మట్టి తవ్వుకెళ్లి, తర్వాత ఏదో ఒకటి పోసి చదును చేశారా?
- ఇది పాటి నేలా? పాత ఊరి దిబ్బలైతే బూడిద, పెంట, కుండపెంకులు, పాత గుంతలు లోపల ఉంటాయి.
- వానాకాలంలో ఎన్ని రోజులు నీళ్లు నిలుస్తాయి?
- స్థలంలో పెద్ద చెట్టు ఉండేదా? ఎప్పుడు కొట్టేశారు?

చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు. బంకమట్టి నేలలో పెద్ద వేపచెట్టో, తుమ్మచెట్టో ఏళ్ల తరబడి లోపలి తేమను పీల్చేస్తుంది. చెట్టు కొట్టేశాక ఆ మట్టి మెల్లగా మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది. అప్పటికి మీరు పైన గది కట్టేసి ఉంటారు.

తర్వాత చుట్టుపక్కల ఇళ్లు చూడండి. కాంపౌండ్ గోడలు, పోర్టికో మెట్లు, ఒంటి అంతస్తు ఇళ్ల కిటికీ మూలలు గమనించండి. ఉబ్బే నేలలో బరువు తక్కువున్నవే ముందు లేస్తాయి. రెండంతస్తుల ఇల్లు నిలబడి, దాని ప్రహరీ మాత్రం పాములా వంకర్లు పోయిందంటే కింద రేగడి ఉందనే అనుమానించాలి.

## 2. ఎన్ని చోట్ల, ఎంత లోతు

మన దేశంలో నేల పరిశోధనకు ఆధారం ఐఎస్ (భారత ప్రమాణం) 1892. దాని ప్రకారం 0.4 హెక్టారు, అంటే సుమారు ఎకరం స్థలానికి నాలుగు మూలలా, మధ్యలో ఒకటి చొప్పున బోర్లు వేయాలి. చిన్న కట్టడానికి మధ్యలో ఒక్కటి చాలంటుంది.

నా సలహా వేరు. 200 గజాల ప్లాటుకైనా ఎదురెదురు మూలల్లో రెండు చోట్ల చూడండి. ఒకే చోట చూస్తే నేల ఏ రకమో తెలుస్తుందే గానీ, ఆ మూల నుంచి ఈ మూలకు మారుతోందో లేదో తెలియదు. ఇళ్లను బీటలు వారేలా చేసేది ఎక్కువసార్లు ఆ మార్పే.

లోతు లెక్క: ఫుటింగ్ అడుగు నుంచి కిందికి, ఫుటింగ్ వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు చూడాలి.

ఉదాహరణకు 12 అడుగుల దూరంలో పిల్లర్లున్న జీ ప్లస్ 1 ఇల్లు తీసుకుందాం. లోపలి పిల్లరు మీదికి సుమారు 35 టన్నులు వస్తుందనుకుందాం.

- నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తే ఫుటింగ్ సుమారు 4 అడుగుల 4 అంగుళాల చతురం.
- 15 టన్నులైతే 5 అడుగులు.
- 10 టన్నులైతే 6 అడుగుల 2 అంగుళాలు.

5 అడుగుల ఫుటింగును 5 అడుగుల లోతులో పెడితే, కింద మరో ఏడున్నర అడుగులు చూడాలి. మొత్తం 12.5 అడుగులు. కాబట్టి "జేసీబీతో ఐదడుగులు తీశాం, మట్టి బాగుంది" అన్న మాట సగం నిజమే. ఇంటి బరువు వెళ్లేది ఆ ఐదడుగుల కిందికి.

నల్లరేగడిలో, పూడ్చిన నేలలో ఈ లెక్కతో ఆగకూడదు. ఆ పొర దాటి అసలు నేల తగిలేదాకా, తగలకపోతే కనీసం 5, 6 మీటర్ల దాకా వెళ్లాలి.

## 3. పరీక్ష గొయ్యి

బోరు వేసేవాళ్లను పిలవడానికి ముందే ఒక గొయ్యి తీయించండి. పొరల్ని కళ్లారా చూసే అవకాశం ఇదొక్కటే.

ముందుగా జాగ్రత్త. 5 అడుగులు దాటిన నిటారు గోతిలోకి ఎవరినీ దించకండి. ఇసుక నేలలో, పూడ్చిన నేలలో అంత లోతు కూడా ప్రమాదమే. లోతు కావాలంటే గట్లను వాలుగా తీయించండి, లేదా జేసీబీ బకెట్‌తో మట్టి పైకి తీయించి పైనే చూడండి. తీసిన మట్టి గట్టు అంచున కుప్ప పోయకండి.

1. పిల్లర్లు రాని చోట, ప్లాన్ మీద గుర్తుపెట్టి తవ్వండి. ఫుటింగ్ పడే చోట తవ్వి మళ్లీ పూడిస్తే మీరే ఒక మెత్తటి మచ్చను తయారుచేసినట్టు.
2. ఒక గోడను పారతో నిలువుగా, శుభ్రంగా చెక్కించండి. బకెట్ పళ్ల గీతల మీద పొరలు కనబడవు.
3. టేపు వేలాడదీసి ఫోటో తీయండి.
4. రంగు, గట్టిదనం, తేమ ఎక్కడ మారితే అక్కడ లోతు రాసుకోండి.
5. ప్రతి పొర నుంచి రెండేసి కిలోల మట్టి విడివిడిగా పాలిథిన్ సంచుల్లోకి తీయండి. గొయ్యి నంబరు, లోతు, తేదీ చీటీ మీద రాసి, ఒకటి లోపల, ఒకటి బయట కట్టండి. లోపలి చీటీ తడవకుండా చిన్న కవరులో పెట్టండి.

చూడాల్సినవి:

- ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు, బొగ్గు, కుళ్లు వాసన ఉంటే అది పూడ్చిన మట్టి. పైన ఎంత గట్టిగా ఉన్నా లెక్కలోకి రాదు.
- వేసవిలో నెర్రెలు ఎంత వెడల్పు, ఎంత లోతు? సన్నని ఇనుప చువ్వ దింపి కొలవండి.
- రేగడి గడ్డను విరిచినప్పుడు లోపలి ముఖం నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుందా? ఆ మట్టి ఉబ్బుతూ కుంగుతూ తనలో తాను రాసుకున్న గుర్తు అది.
- గోడ నుంచి నీటి ఊట ఏ లోతులో మొదలైంది?
- తెల్లటి ఉప్పు పొర ఉంటే చౌడు. రసాయన పరీక్ష తప్పనిసరి.

## 4. చేతితో చేసే నాలుగు పరీక్షలు

ఇవి నిమిషాల పని. నేల ఏ కోవలోదో చెబుతాయి.

4.1 తీగ చేయడం. కొద్దిగా తడిపిన మట్టిని అరచేతుల మధ్య తీగలా నులమండి. 3 మిల్లీమీటర్ల సన్నగా వచ్చినా విరగకపోతే, ముద్ద చేసి మళ్లీ మళ్లీ నులిమినా అలాగే వస్తుంటే బంక ఎక్కువ. ల్యాబులో ప్లాస్టిక్ లిమిట్ తేల్చేదీ ఈ 3 మిల్లీమీటర్ల తీగతోనే. తీగే రాకపోతే ఇసుక, లేదా సన్న ఒండ్రు.

4.2 అరచేతి తట్టుడు. తడి ముద్దను అరచేతిలో పరిచి, రెండో చేత్తో పక్క నుంచి తట్టండి. పైన నీరు తేలి మెరిసి, నొక్కగానే మెరుపు పోతే అది సన్న ఒండ్రు మట్టి. బంకమట్టిలో మెరుపు రాదు. నదీ తీరాల్లో ఈ రెంటినీ కలిపి "బంక" అనేస్తారు గానీ, పునాదికి రెండూ వేరు.

4.3 సీసా పరీక్ష. ఖాళీ పచ్చడి సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు చాకలి సోడా వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలోపు అడుగున చేరేది ఇసుక. రెండు గంటల్లో దానిమీద కూర్చునేది ఒండ్రు. మర్నాటికి పైన పేరుకునేది, ఇంకా నీళ్లలో తేలుతూ ఉండేది బంక. స్కేలుతో మందాలు కొలిచి వంతులు కట్టండి.

4.4 బొటనవేలి పరీక్ష. గోతి గోడలో కదలని, సహజమైన తేమతో ఉన్న బంకమట్టి మీద చేయండి.

- వేలు సులువుగా రెండు మూడు అంగుళాలు దిగితే చాలా మెత్తన.
- కాస్త బలంగా నొక్కితే దిగితే మధ్యరకం.
- గుంట పడుతుంది గానీ దిగాలంటే కష్టమైతే గట్టిది.
- గోటి గీత మాత్రమే పడితే బాగా గట్టిది.

ఎండాకాలం పై రెండు మూడడుగుల్లో దీన్ని చేస్తే ఫలితం అబద్ధమే చెబుతుంది. తేమ ఉన్న లోతులో చేయండి.

## 5. ఉబ్బు పరీక్ష: దీన్ని మాత్రం వదలొద్దు

నల్లరేగడి, బూడిదరంగు బంకమట్టి, పసుపు కలిసిన బంకమట్టి, వీటిలో ఏది కనబడినా ఈ పరీక్ష చేయాలి. ల్యాబులో దీన్ని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అంటారు, ఐఎస్ 2720లో 40వ భాగం. పద్ధతి చాలా సులువు.

కావలసినవి: 100 మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టాలు రెండు, గ్రాముల తూకం, 425 మైక్రాన్ల జల్లెడ, గాజు పుల్ల, మంచినీళ్లు, కిరోసిన్. రేషన్ షాపులో కిరోసిన్ ఇదివరకులా దొరకదు కాబట్టి ల్యాబులో చేయించుకోవడమే తేలిక. కళ్ల ముందు చేయించుకోండి.

1. మట్టిని 105 నుంచి 110 డిగ్రీల ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి, నలిపి, జల్లించాలి.
2. 10 గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచాలి.
3. ఒకటి నీళ్లున్న గొట్టంలో, ఒకటి కిరోసిన్ ఉన్న గొట్టంలో మెల్లగా పోయాలి. 100 గీత దాకా నింపాలి.
4. గాజు పుల్లతో కలిపి గాలి బుడగలు పోగొట్టాలి.
5. కనీసం 24 గంటలు కదపకూడదు.
6. రెండింటిలో మట్టి ఏ గీత దాకా ఉందో చూడాలి.

కిరోసిన్‌లో బంక ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. తేడాయే లెక్క. నీళ్లలో 19, కిరోసిన్‌లో 11 ఉంటే తేడా 8. దాన్ని 11తో భాగిస్తే సుమారు 73 శాతం.

ఐఎస్ 1498 ప్రకారం 50 శాతం లోపైతే ఇబ్బంది తక్కువ, 50 నుంచి 100 అనుమానించాల్సింది, 100 దాటితే ప్రమాదం, 200 దాటితే తీవ్రం. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున గుబ్బలా వెడల్పు చేసి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) కోడ్ ఇంతకంటే కఠినం. అక్కడ 35 దాటితే చాలు, ఎక్కువ ఉబ్బే నేలే. నేనైతే ఒకటి, రెండంతస్తుల తేలిక ఇళ్లకు కఠినమైన లెక్కే పట్టుకోమంటాను.

తరచూ జరిగే పొరపాట్లు:

- పూర్తిగా ఎండని మట్టి వాడటం. ఫలితం తక్కువగా వస్తుంది.
- పై మట్టి మాత్రమే పరీక్షించడం. ఫుటింగ్ కింది పొర, ప్లింత్ పక్కనుండే పొర, రెండూ చేయించాలి.
- ప్లాటు నింపడానికి తెచ్చిన మొరాన్ని పరీక్షకు పంపడం. ఇది తెలియక జరిగేది కొంత, తెలిసి జరిగేది కొంత.

ఫలితం 35 దాటితే ల్యాబును ఉబ్బు ఒత్తిడి పరీక్ష కూడా అడగండి. మట్టి తడిసి ఉబ్బేటప్పుడు పైకి ఎంత బలంతో తోస్తుందో అది చెబుతుంది. ఆ బలం మీ గోడ కిందికి తోసే బలం కంటే ఎక్కువైతే గోడ లేస్తుంది. అప్పుడు నేల బరువు మోసే శక్తి ఎంతున్నా ఉపయోగం లేదు.

## 6. బోరు, ఎస్‌పీటీ: దగ్గరుండి చూడండి

నీళ్ల బోరు వేసే లారీతో ఇది కాదు. 150 మిల్లీమీటర్ల గుంత మెల్లగా దింపుతూ, ప్రతి 1.5 మీటర్లకు, ఇంకా పొర మారిన ప్రతిచోటా స్టాండర్డ్ పెనెట్రేషన్ పరీక్ష చేయాలి. అందరూ ఎస్‌పీటీ అంటారు. ఐఎస్ 2131 చెప్పే పద్ధతి:

1. గుంత అడుగు శుభ్రం చేయాలి.
2. చీలిక గొట్టాన్ని (రెండు సగాలుగా విడదీయగల నమూనా గొట్టం) కడ్డీలకు బిగించి అడుగున ఆనించాలి.
3. పైన కనబడే కడ్డీ మీద 15 సెంటీమీటర్లకొకటి చొప్పున మూడు సుద్ద గీతలు గీయాలి.
4. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలాలి.
5. ఒక్కో 15 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో విడిగా రాయాలి.

మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు. మిగతా రెంటి మొత్తమే ఎన్ విలువ. 6, 9, 11 వస్తే ఎన్ విలువ 20, 26 కాదు. మూడూ కలిపి రాసిన రిపోర్టులు ఉంటాయి. సైటు పుస్తకంలో మూడు అంకెలూ విడిగా కనబడాలని ముందే చెప్పండి.

సైటులో చూడాల్సినవి:

- సుత్తి ఎత్తు. మధ్యాహ్నం అలసిపోయాక 75 సెంటీమీటర్లు 50 అవుతుంది. దెబ్బ బలం తగ్గి, ఎన్ పెరిగి, నేల ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది. గైడు కడ్డీ మీద రంగుతో గుర్తు పెట్టించండి.
- సుత్తిని తాడు పట్టుకుని ఆపుతూ వదలకుండా, పూర్తిగా జారనిస్తున్నారా?
- నీటిమట్టం కింద ఇసుకలో పనిచేసేటప్పుడు గుంతలో నీళ్లు నిండుగా ఉంచుతున్నారా? లేకపోతే ఇసుక కింది నుంచి పొంగి, వదులై, ఎన్ తగ్గిపోతుంది.
- 50 దెబ్బలకూ 15 సెంటీమీటర్లు దిగకపోతే "రెఫ్యూజల్" అని ఆపేస్తారు. అది బండేనా, గుండు రాయా? హైదరాబాద్ చుట్టుపక్కల మెత్తబడిన గ్రానైట్‌లో పెద్ద పెద్ద గుండ్లు మట్టిలో కూరుకుని ఉంటాయి. బండ అని తేలాలంటే సాధారణంగా దానిలోకి 3 మీటర్లు కోర్ డ్రిల్లింగ్ చేస్తారు. ఇంటికి అంత ఖర్చు వద్దనుకుంటే కనీసం మరో రెండు చోట్ల అదే లోతులో తగులుతోందేమో చూడండి.

ఎన్ విలువ అర్థం ఇలా:

- ఇసుకలో 10 లోపు వదులు, 10 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే గట్టి.
- బంకలో 4 లోపు మెత్తన, 4 నుంచి 8 మధ్యరకం, 8 నుంచి 15 గట్టి, 15 దాటితే బాగా గట్టి.

ఒక ఉచ్చు ఉంది. మే నెలలో ఎండిన రేగడిలో ఎన్ 20 దాటి వస్తుంది. దాన్ని చూసి 20 టన్నులు రాసేసిన రిపోర్టు అక్టోబరులో చెల్లదు. ఎన్ పక్కన సహజ తేమ శాతం లేకపోతే, బంకమట్టిలో ఆ అంకెను నమ్మకండి.

ఇంకొకటి. నీటిమట్టం కింద సన్న ఇసుకలో 15 దాటిన ఎన్‌ను సవరించాలి. 15కు, మిగిలినదానిలో సగం కలపాలి. 25 అయితే 20గా తీసుకోవాలి.

బంకమట్టి పొరల్లో కదలని నమూనాలు కూడా తీయించండి. 100 మిల్లీమీటర్ల గొట్టంతో తీసి, రెండు చివరలా మైనం పోసి, మూత పెట్టి, నీడలో ఉంచాలి. మైనం లేకుండా డిక్కీలో రెండు రోజులు తిరిగిన గొట్టంలో ఉన్నది మీ నేల కాదు, ఎండిన మట్టిపెల్ల.

## 7. ప్లేట్ లోడ్ పరీక్ష

గోతిలో ఇనుప పలక పెట్టి, పైన బరువుతో జాకీ నొక్కి, ఎంత దిగిందో కొలుస్తారు. ఐఎస్ 1888. చూడటానికి నమ్మకంగా ఉంటుంది, అందుకే చాలామంది దీన్నే అడుగుతారు.

మొరం, గట్టి ఎర్రనేల అంతటా ఒకేలా ఉంటే మంచి పరీక్షే. కానీ 30 సెంటీమీటర్ల పలక ఒత్తిడి సుమారు 60 సెంటీమీటర్ల లోతుకే చేరుతుంది. మీ 1.5 మీటర్ల ఫుటింగ్ ఒత్తిడి 3 మీటర్ల దాకా వెళ్తుంది. ఆ మధ్యలో మెత్తటి పొర ఉంటే పలకకు తెలియదు. మెత్తటి బంకలో ఏళ్ల తరబడి సాగే కుంగుదలను కూడా ఒకట్రెండు రోజుల పరీక్ష చెప్పలేదు. బోరుకు తోడుగా చేయించండి, బోరుకు బదులుగా వద్దు.

## 8. నీటిమట్టం

బోరు పూర్తయ్యాక కనీసం 24 గంటలు ఆగి కొలవండి. డ్రిల్లింగ్‌కు పోసిన నీళ్లు అప్పటికి సర్దుకుంటాయి.

ఆ రోజు కొలత ఒక్కటే చాలదు. పక్క బావుల్లో వానలయ్యాక ఎంత పైకి వస్తుందో అడగండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువలకు నీళ్లు వదిలాక మట్టం పైకొస్తుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడే నవంబరు, డిసెంబరు చూడాలి. ఇసుక నేలలో నీరు ఫుటింగ్ అడుగు దాకా వస్తే మోసే శక్తి సగం దాకా పడిపోవచ్చు. లెక్క ఆ గరిష్ఠ మట్టానికే కట్టమనండి.

## 9. ల్యాబులో ఏమేం చేయించాలి

అన్నీ అన్ని నేలలకూ అక్కర్లేదు.

ప్రతి నేలకూ: సహజ తేమ, జల్లెడ విశ్లేషణ, లిక్విడ్ లిమిట్ (మట్టి జారుడుగా మారే తేమ శాతం), ప్లాస్టిక్ లిమిట్ (తీగ విరగడం మొదలయ్యే తేమ శాతం), సాంద్రత.

ఎర్రనేల, మొరం, ఇసుక: డైరెక్ట్ షియర్.

బంకమట్టి: కదలని నమూనా మీద అన్‌కన్‌ఫైన్డ్ కంప్రెషన్ లేదా ట్రయాక్సియల్. డెల్టాలో మెత్తటి బంక అయితే కన్సాలిడేషన్ (ఏళ్ల తరబడి సాగే కుంగుదలను చెప్పేది) కూడా.

నల్లరేగడి: పైవాటికి తోడు ఫ్రీ స్వెల్, ఉబ్బు ఒత్తిడి, ష్రింకేజ్ లిమిట్.

తీరప్రాంతం, చౌడు, ఫ్యాక్టరీల పక్క స్థలాలు: మట్టికి, నీటికి కూడా పీహెచ్, సల్ఫేట్, క్లోరైడ్. సల్ఫేట్ కాంక్రీటును తింటుంది, క్లోరైడ్ కడ్డీని తింటుంది. సిమెంటు రకం, కాంక్రీటు కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) ఈ అంకెల మీదే ఆధారపడతాయి.

## 10. రిపోర్టు చేతికొచ్చాక

చాలామంది చివరి పేజీలో "ఎస్‌బీసీ 15 టన్నులు" (నేల చదరపు మీటరుకు సురక్షితంగా మోసే బరువు) అన్నది చూసి మూసేస్తారు. ఈ వరుసలో చదవండి.

- మీ ప్లాటు పటం మీద బోర్ల స్థానాలు ఉన్నాయా? తేదీతో సైటు ఫోటోలు ఉన్నాయా?
- ఆ 15 టన్నులు ఏ లోతులో, ఎంత వెడల్పు ఫుటింగ్‌కు? లోతు చెప్పని అంకె దేనికీ పనికిరాదు.
- అది నికర విలువా, స్థూల విలువా? ఇంజనీరుకు తెలియాలి.
- కుంగుదల ఎంతకు పరిమితం చేసి లెక్కించారు, 25 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా? మట్టి తెగిపోకుండా మోసే విలువ, హద్దు మించి కుంగకుండా మోసే విలువ, రెంటిలో తక్కువదే మీది.
- నీటిమట్టం ఎంత అనుకున్నారు?
- మట్టి వర్గం. సీహెచ్ అని ఉంటే లిక్విడ్ లిమిట్ 50 దాటిన బంక. అక్కడ ఫ్రీ స్వెల్ ఫలితం లేకపోతే రిపోర్టు అసంపూర్ణం, వెనక్కి పంపండి.
- రెండు బోర్ల ఫలితాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయా? నేల అలా ఉండదు.

## 11. ఏ నేలకు ఏ దారి

రేగడి నాలుగైదు అడుగులే, కింద మొరం. మొత్తం తీసేసి మొరం మీద కూర్చోండి. గదుల కింద నింపడానికి తీసిన నల్లమట్టి మళ్లీ వాడకండి. ఇసుక కూడా వద్దు, నీళ్లను లోపలికి తెచ్చి నిలబెడుతుంది. ఉబ్బని మొరం పొరలుగా పోసి దిమ్మిస చేయించండి.

రేగడి లోతుగా ఉంటే. అండర్ రీమ్డ్ పైల్స్. కనీసం 3.5 మీటర్ల లోతు, కింద గుబ్బ వ్యాసం కాండానికి సాధారణంగా రెండున్నర రెట్లు. వీటి మీద వచ్చే బీములకు, నేలకు మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఈ ఖాళీనే మేస్త్రీలు మట్టితో పూడ్చేస్తారు. అలా పూడిస్తే ఉబ్బిన నేల బీమును నేరుగా పైకి తోస్తుంది, పైల్స్ కోసం పెట్టిన డబ్బు వృథా. ఇంటి చుట్టూ బయటికి వాలుగా సిమెంటు చప్టా, కారని పైపులు, గోడకు దూరంగా చెట్లు కూడా ఈ పునాదిలో భాగమే.

పూడ్చిన నేల. ఎన్నేళ్ల క్రితం పూడ్చారన్నది అక్కర్లేదు. అసలు నేల తగిలేదాకా దిగండి. చాలా లోతైతే పైల్స్, లేదా చెత్త తీసేసి పొరకు 20 నుంచి 30 సెంటీమీటర్ల చొప్పున రోలరుతో కుదించి, ప్రతి పొర సాంద్రత పరీక్షించి కట్టాలి.

డెల్టా మెత్తటి బంక. విడి ఫుటింగ్‌లు ఒక్కోటి ఒక్కోలా కుంగుతాయి. రాఫ్ట్ (ఇల్లంతటి కింద ఒకే కాంక్రీటు పలక) లేదా పైల్స్. ప్లాటును రోడ్డు ఎత్తుకు లేపడానికి నాలుగడుగులు మట్టి పోస్తే, ఆ మట్టి బరువే కింది బంకను కుంగదీస్తుంది. ఆ బరువునూ లెక్కలో చేర్చమనండి.

సగం బండ, సగం మట్టి. హైదరాబాద్, నల్గొండ వైపు మామూలే. బండ మీది పిల్లరు కదలదు, మట్టి మీదిది కుంగుతుంది, మధ్య గోడ చీలుతుంది. వీలైతే అన్ని ఫుటింగ్‌లనూ బండ దాకా దించండి. కాకపోతే బండ వైపు కొంత చెక్కి గట్టి మొరం పొర వేయడమో, ఆ రెండు భాగాల మధ్య జాయింట్ ఇవ్వడమో ఇంజనీరు తేలుస్తారు.

మంచి మొరం, ఎర్రగరప. మామూలు ఫుటింగ్‌లు చాలు. అదృష్టవంతులు.

## 12. తవ్వకం రోజు

రిపోర్టు రెండు చోట్ల చూసి రాసింది. ఫుటింగ్ గోతులు పన్నెండు ఉంటాయి. కాబట్టి అసలు తనిఖీ ఈ రోజే.

- ప్రతి గోతి అడుగునా 16 మిల్లీమీటర్ల కడ్డీని ఒకే మనిషి, ఒకే బలంతో నాలుగైదు చోట్ల గుచ్చి చూడాలి. ఒక గోతిలో మిగతావాటికంటే సులువుగా దిగితే అక్కడ ఆగండి.
- అడుగు మట్టి రంగు రిపోర్టులో రాసిన పొరతో సరిపోతోందా?
- సరిపోకపోతే ఇంజనీరుకు ఫోటో పంపండి. ఆయన వచ్చి చూసేదాకా బెడ్ కాంక్రీటు వద్దు.
- లోతు ఎక్కువ తీసేస్తే మట్టితో సర్దకండి, ఆ ఎత్తు కూడా బెడ్ కాంక్రీటుతోనే నింపాలి.
- చివరి నాలుగైదు అంగుళాలు జేసీబీతో కాక పారతో, బెడ్ పోసే రోజునే తీయించండి.
- గోతిలో వాన నీళ్లు నిలిస్తే తోడేసి, మెత్తబడిన బురదను గట్టి మట్టి తగిలేదాకా గీకించి, ఆ పూటే బెడ్ వేయించండి.